క్రేన్ సైగల చదువు

ఆరో తరగతి నేను రెండుసార్లు చదివాను. మొదటి ఏడాది పాఠాలు నాకు అర్థం కాలేదు. రెండో ఏడాది నేను మాస్టారికి అర్థమయ్యాను. ఆ తర్వాత బడికి రమ్మని వాళ్ళూ అడగలేదు, వస్తానని నేనూ అనలేదు. ఈ ముక్క ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వారు. మనుషుల్ని నవ్వించడం నాకు బాగా వచ్చిన పని. ఇప్పుడు రాయబోయేది కూడా కొన్నాళ్ళు నవ్వించడానికే చెప్పాను, నా కూతురు పక్కన ఉండగా కూడా చెప్పాను.

శ్రీకాకుళం దగ్గర మా ఊరినుంచి మేనమామ వెంట భిలాయ్ వచ్చి స్టీలు ప్లాంటులో ఖలాసీగా చేరాను. బరువులకి గొలుసులు చుట్టి, పైన పట్టాల మీద తిరిగే క్రేను కొక్కేనికి తగిలించడం ఖలాసీ పని. ప్లాంటులో ఒక్కో విభాగాన్నీ షాపు అంటారు. మా షాపులో చప్పుడెంతంటే, పక్కవాడి చెవిలో అరిచినా వాడికి మన నోరు కదలడమే తెలుస్తుంది. అంత ఎత్తున క్రేను గదిలో కూర్చున్నవాడికి అదీ తెలియదు. అందుకని మాటలన్నీ చేతులతోనే. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తమని. అరచెయ్యి కిందికి ఊపితే దించమని. పిడికిలి బిగిస్తే ఆపమని. అరచెయ్యి వెల్లకిలా తిప్పి ఆడిస్తే 'ఏం చెయ్యమంటావు?' అని అడగడం. క్రేను మీద ఉన్నవాడు బరువుని చూడకూడదు, ఖలాసీ చేతిని చూడాలి. కొత్తగా చేరిన ఆపరేటరుకి మేము మొదట నేర్పేది అదే.

డెబ్బైల చివర్లో మాకు సెక్టర్ ఏడులో రెండు గదుల క్వార్టరు వచ్చింది. మా అమ్మాయికి అప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. టౌన్‌షిప్‌లో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుండేది. అందులో సీటు కావాలంటే పిల్లని లోపల కూర్చోబెట్టి, అట్టముక్కల మీద రాసిన చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు చదివిస్తారని మా క్వార్టర్ల లైన్లో అందరికీ తెలుసు. నాకు పెద్ద ఆశలేమీ లేవు. అది ఆరో తరగతి దాటాలి. దాటాక ఏముంటుందో నాకు తెలియదు, కానీ అది వెళ్ళి చూసి రావాలనుండేది.

ఒకరోజు మెట్ల మీద కూర్చుని పిల్లచేత ఏ బీ సీ డీలు అరిపిస్తుంటే, పై క్వార్టరు బెంగాలీ ఆవిడ ఆగింది. ఆవిడ పసిపిల్లల బళ్ళో చెప్పేది. మేమంతా దీదీ అనేవాళ్ళం.

"భయ్యా, అక్షరం పేరు తర్వాత. పెహలే ఆవాజ్ సిఖావో," అంది, ముందు చప్పుడు నేర్పమని.

"ఆవాజ్ చెయ్యడానికి అక్షరమేమైనా గేదెనా దీదీ?" అన్నాను నా హిందీలో.

ఆవిడ నవ్వి, మెట్టు మీదే కూర్చుని చూపించింది. 'ఎమ్' అనకు, పెదాలు మూసి మ్‌మ్ అను. 'టీ' అనకు, ట్ అని ఆపెయ్. చప్పుళ్ళు వరసగా పలికి ఒకదానికొకటి తగిలిస్తే మాట వస్తుంది. మన తెలుగులో అక్షరం పేరూ చప్పుడూ ఒకటే కదా, ఇంగ్లీషు అక్షరాలకి ఇంట్లో ఒక పేరు, వీధిలో ఒక పేరు అని నాకు ఆ రోజే తెలిసింది.

చప్పుడు అనగానే నా చెయ్యి లేచింది. అలవాటు. పిల్లకి నేర్పడానికి ఒక్కో చప్పుడికీ ఒక సైగ కట్టాను. మ్ అంటే రెండు వేళ్ళతో పెదాలు నొక్కుకోవడం. స్ అంటే చెయ్యి పాములా జరపడం. ట్ అంటే గచ్చు మీద పిడికిలితో ఒక దెబ్బ. న్ అంటే ముక్కు ముట్టుకోవడం. ప్ అంటే వేళ్ళు ముడిచి ఒక్కసారి విప్పడం. నోరు తెరిచే చప్పుళ్ళన్నిటికీ అరచెయ్యి ఎత్తడం, ఎంత తెరవాలంటే అంత ఎత్తుకి. చివర రెండు చూపుడువేళ్ళూ కొక్కెంలా ఒకదానికొకటి తగిలిస్తే 'కలుపు' అని. తోచకపోతే నన్ను అడగడానికి, షాపులో లాగే అరచెయ్యి వెల్లకిలా ఆడించడం కూడా నేర్పాను. పవర్ హౌస్ బజారుకి వెళ్ళి రంగుల బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చాను. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారాల్లో పొద్దున్నపూట పాఠం. పుస్తకం పిల్ల వైపు పెట్టి, నేను ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాణ్ణి. అక్షరాలు తలకిందులుగా చదవడం నాకు వారంలో వచ్చేసింది.

"ఏటయ్యా, గుంటకి సదువు సెప్తన్నావా, డేన్సు నేర్పుతన్నావా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అడిగేది.

"రెండూ వస్తే నష్టమేటి? ఒకటి పోయినా ఇంకోటి ఉంటాది."

పిల్ల పకపకా నవ్వేది. నవ్వుతూనే చదివేది. పెదాలు, అరచెయ్యి, గచ్చు మీద దెబ్బ, కొక్కెం - "మ్యాట్!" పాము, అరచెయ్యి, ముక్కు, కొక్కెం - "సన్!" నెల తిరిగేసరికి ముప్పై నలభై మాటలు వచ్చాయి. మా క్రేను ఆపరేటరుది విజయనగరం, నన్ను బావా అనేవాడు. అతన్ని పిలుచుకొచ్చి చూపించాను. ఏ పేజీ తీస్తే ఆ పేజీ చదివేసింది.

"బావా, నువ్వు దించమంటే నేనింత సక్కగా దించలేను," అన్నాడతను.

అతను వెళ్ళాక మా ఆవిడ గ్లాసులు తీస్తూ ఒక మాట అంది. "గుంట పుస్తకంకేసి సూడ్డంలేదయ్యా. నీకేసే సూస్తంది."

"అందగాణ్ణి కదే. సూడదేటి?"

ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆ మాట మీద కాసేపు ఆగి ఉంటే తర్వాతదేదీ జరిగేది కాదు. నేను ఆగలేదు. మంచి జవాబు దొరికిందన్న సంతోషంలో ఉన్నాను.

స్కూలు పిలిచిన రోజు పిల్లకి కొత్త గౌను వేసి తీసుకెళ్ళాం. తల్లిదండ్రుల్ని వరండాలో ఉండమన్నారు. మా ఆవిడ వరండా ఆ చివర బల్ల మీద కూర్చుంది. నేను కిటికీ చువ్వల దగ్గర నిలబడ్డాను. లోపల టీచరు నాకు వీపు పెట్టి కూర్చుంది. బల్లకి అవతల మా అమ్మాయి, మొహం నా వైపు. టీచరు ఒక అట్టముక్క దాని ముందు పెట్టింది. పెద్ద అక్షరాలు. టీచరు భుజం మీంచి నాకు తలకిందులుగా చక్కగా కనబడుతున్నాయి.

పిల్ల అట్ట చూడలేదు. టీచరు చేతులు చూసింది. అవి కదల్లేదు. గది చుట్టూ చూసింది. తర్వాత కిటికీలో నన్ను చూసింది.

నా చెయ్యి లేచింది. అనుకోకుండా లేచిందని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. మొదటి అట్టకి అది నిజమే. ముక్కు మీదికి వేలు వెళ్ళిపోయాకే నాకు తెలిసింది. కానీ రెండో అట్ట ఉంది, మూడోది ఉంది, మొత్తం ఆరు ఉన్నాయి. ఆ ఐదూ తెలిసే చేశాను. ఒక్క అట్ట వైపు కూడా పిల్ల కళ్ళు దిగలేదని చూస్తూనే చేశాను. టీచరు "వెరీ గుడ్" అంది. ఆరో మాటలో ట్ వచ్చింది, నిలబడి ఉన్నవాడికి గచ్చు అందదు కాబట్టి కిటికీ చువ్వ మీద కొట్టాను. టీచరు వెనక్కి తిరిగితే, దోమ అన్నట్టు చెయ్యి దులుపుకున్నాను.

సీటు వచ్చింది. బయటికొస్తూ పిల్ల చెవిలో అన్నాను: "కిటికీలో సైగల సంగతి ఎవరికీ సెప్పకమ్మా. టీచరుకి అస్సలు సెప్పకు. మనిద్దరి గుట్టు."

"అమ్మకి?"

"అమ్మకీ వద్దు."

పిల్ల గట్టిగా తలూపింది.

దాన్ని ఎవరికీ చెప్పొద్దన్నవాణ్ణి నేను మాత్రం క్యాంటీన్‌లో అందరికీ చెప్పాను. దోమ దగ్గరికొచ్చేసరికి టీలు ఒలికిపోయేవి. "ఇంటర్వ్యూలో కూతుర్ని క్రేన్‌తో ఎత్తించినోడు" అని నాకు పేరొచ్చింది. ఇంటికొచ్చిన ఆపరేటరుకి కూడా పిల్ల ముందే చెప్పాను. అది కంగారుగా వంటింటి వైపు చూసింది, అమ్మ విన్నదేమో అని. గుట్టుని అది దాచుతోంది, నేను పంచుతున్నాను.

సీటు వచ్చాక, స్కూలు తెరిచేలోగా ఒక్కరోజు చేతులు కట్టుకుని చదివించి చూశాను. పిల్ల పుస్తకం మీద వంగి చాలాసేపు కూర్చుంది. నోరు విప్పలేదు. నేను ఊరుకోవచ్చు కదా. "ఏటే, ఇంజన్ ఆగిపోయిందా? డీజిల్ పొయ్యమంటావా?" అన్నాను. అది నవ్వలేదు. పుస్తకం ముయ్యించేశాను. ఇంక స్కూలువాళ్ళే చూసుకుంటారులే అనుకున్నాను.

జూలైలో స్కూలు తెరిచారు. ఆగస్టుకల్లా పొద్దున్నే పిల్లకి కడుపునొప్పి మొదలైంది. "నీ కడుపులో సైరన్ ఉందేటే? సరిగ్గా స్కూలు టైముకి మోగుతాది?" అనేవాణ్ణి. ఇరుగుపొరుగు పిల్లలు అదే పేరు పట్టుకున్నారు. "సైరన్, ఓ సైరన్" అని పిలుస్తుంటే అది తల వంచుకుని వెళ్ళేది. ఆ పేరు పెట్టింది నేను.

దసరా సెలవులకి ముందు డైరీలో ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు వరసలు. పిల్ల అది నా చేతికిచ్చి వీధిలోకి పోయింది. దీదీ నేర్పిన పద్ధతిలో నేనే చప్పుడు చప్పుడూ కూడబలుక్కున్నాను. అన్నీ అందలేదు. 'హ్యాండ్స్' అన్న మాట అందింది. షాపు గోడలమీద ఎక్కడ చూసినా ఉండే మాటే అది. పైకి వెళ్ళి దీదీకి చూపించాను.

ఆవిడ చదివి, నెమ్మదిగా చెప్పింది. పిల్లని చదవమంటే టీచరు చేతులకేసి, మొహంకేసి చూస్తూ కూర్చుంటోందట. ఈమధ్య పేరు పెట్టి పిలిచినా తిరగడం లేదట. వినికిడి లోపం ఉందేమోనని అనుమానం. చెవులు పరీక్ష చేయించి డాక్టరు కాగితం తెస్తే సరి, లేకపోతే ఈ క్లాసులో ఉంచడం కష్టమట.

"బెహరీ హై క్యా, భయ్యా?" అని, చెవుడా అని దీదీ జాలిగా అడిగింది. నేను "ఏమో" అన్నాను.

మా ఆవిడ మండిపడింది. "దాని సెవులకేటైంది? నేను శనక్కాయ వొలిస్తే ఆ సప్పుడికి వీధిలోంచి పరిగెట్టుకొస్తది. ఎవులు సెప్పేరు సెవుడని?"

"పెద్దోళ్ళు సెప్పినప్పుడు ఓసారి సూపిస్తే పోయేదేటి?" అన్నాను. పిల్లకి ఎందుకు చదువు రావడం లేదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అయినా ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

అక్కడ బల్ల మీద కూర్చున్నప్పుడు నేను అనుకున్నది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పిల్ల చెవులు నిజంగానే బాగోలేకపోతే బాగుండును అనుకున్నాను. కొంచెమే. మందు వేస్తే పోయేంత. అప్పుడు తప్పు చెవులది అవుతుంది. పక్కన అది నా చొక్కా అంచు పట్టుకుని కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది.

డాక్టరు పెద్దాయన. పిల్లని నా ఎదురుగా నిలబెట్టి, తను దాని వెనక్కి వెళ్ళి, "నేను అంకెలు మెల్లగా అంటాను, నువ్వు గట్టిగా అను బేటీ," అన్నాడు హిందీలో. "దో," అని గొణిగాడు. నాక్కూడా వినబడింది. పిల్ల పలకలేదు. "పాంచ్." పలకలేదు. అది నా చేతులకేసి చూస్తోంది. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. డాక్టరు "సాత్" అన్నాడు. అప్పుడు పిల్ల గౌను దగ్గర, డాక్టరుకి కనబడకుండా, కుడి అరచెయ్యి వెల్లకిలా తిప్పి చిన్నగా ఆడించింది.

ఏం చెయ్యమంటావు?

అది వినాలా, వినకూడదా అని నన్ను అడుగుతోంది. నేను ఎటంటే అటు ఉండడానికి సిద్ధంగా నిలబడింది. ఎత్తమంటే ఎత్తుతుంది, దించమంటే దించుతుంది.

చేతులు రెండూ తొడల కింద పెట్టేసుకున్నాను. "వినబడితే సెప్పెయ్యమ్మా," అన్నాను.

"సెప్పొచ్చా నాన్నా?" అంది. "టీచర్‌కి అస్సలు సెప్పకన్నావు కదా. మాట్లాడితే చదవమంటారు, గుట్టు తెలిసిపోతాదని నేను వినబడనట్టు కూచుంటన్నాను. కిసీకో నహీ బతాయా."

ఎవరికీ చెప్పలేదని అంత నమ్మకంగా చెప్పింది, మెచ్చుకుంటాననుకుని.

డాక్టరుకి తెలుగు రాదు. మళ్ళీ మొదలుపెట్టాడు. దో, పాంచ్, సాత్, గ్యారహ్ - పిల్ల అన్నీ పలికింది. ఆయన కాగితం రాస్తూ, "దీని చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఖలాసీవి కదా, నీవి చూపించుకో," అన్నాడు. మామూలుగా అయితే దానికి నేను మూడు జవాబులు ఇచ్చేవాణ్ణి.

మర్నాడు స్కూలుకి వెళ్ళాను. క్లాసు టీచరు, ఇంటర్వ్యూ చేసినావిడే. హిందీలో జరిగిందంతా చెప్పాను. చెప్తూ చెప్తూ క్యాంటీన్‌లో చెప్పిన వరసలోకి వెళ్ళిపోయాను. నోటికి అదే అలవాటైంది. దోమ దగ్గరికొచ్చి, నవ్వు కోసం ఆగే చోట ఆగాను. ఆవిడ నవ్వలేదు.

"జూలై నుంచీ ఆ పిల్ల నా క్లాసులో ఎలా కూర్చుంటోందో తెలుసా?" అంది. "నేను చాక్‌పీసు పట్టుకుంటే చాలు, భయపడుతుంది. నా చెయ్యి ఏదో చెబుతోందని, అది తనకి అర్థం కావడం లేదని అనుకుంటోంది. మొండిది అనుకుని రెండుసార్లు నిలబెట్టాను కూడా."

సీటు తీసెయ్యకండి మేడమ్, తప్పు నాది, దానికి తెలీదు అన్నాను. ఆవిడ లోపలికెళ్ళి పెద్ద మేడమ్‌తో మాట్లాడి వచ్చింది. సీటు ఉంటుంది, కానీ కింది క్లాసులో, తనకంటే చిన్న పిల్లలతో మళ్ళీ మొదటినుంచి. "ఇంకో మాట. ఘర్ మే ఆప్ మత్ పఢాయియే." ఇంట్లో మీరు చదువు చెప్పకండి.

ఆ సాయంత్రం మా ఆవిడకి మొత్తం చెప్పాను. ఆవిడ అరవలేదు. "నాకు సెప్పొద్దని కూడా దానికి నువ్వే సెప్పేవా?" అని ఒక్కటే అడిగింది. ఆ తర్వాత పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని తల దువ్వింది, చాలాసేపు.

ఏడాది పోయింది. కింది క్లాసులో తోటివాళ్ళు దాని భుజం దాకా ఉండేవాళ్ళు. వరసలో నిలబడితే అదొక్కతే పొడుగ్గా కనబడేది. 'ఫెయిలా?' అని మా క్వార్టర్ల లైన్లో పిల్లలు అడిగితే అవునని చెప్పేది. నాన్న వల్ల అని ఎప్పుడూ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

చదువు మాత్రం వచ్చింది. వచ్చిందని నాకు మా ఆవిడ చెప్పింది. గుమ్మంలో కూర్చుని బిస్కెట్ల డబ్బా మీదున్నదంతా వేలు పెట్టుకుని చదివేసిందట. ఆ వేళ నేను డ్యూటీలో ఉన్నాను. మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలోనే పుస్తకం పెట్టుకుని పైకి చదువుతోంది. సైకిల్ చప్పుడు వినగానే ఆపేసింది. లోపలికొచ్చి, చేతులు జేబుల్లో పెట్టుకుని, "సదువమ్మా, నేను సూడను," అన్నాను. అది పేజీ తిప్పి కళ్ళతో చదువుకుంది. పెదాలు కదల్లేదు.

అదేదో నాలుగు రోజులు ఉండి పోతుందనుకున్నాను. పోలేదు. ఎనభైల్లో అది పెద్ద క్లాసులకి వచ్చింది. ఆరో తరగతి ఒక్కసారిలోనే దాటింది. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళకి చదివి వినిపించేది, దీదీకి వినిపించేది, వాళ్ళమ్మకి దుర్గ్ స్టేషన్‌లో బోర్డులన్నీ చదివి చెప్పేది. నేను ఉంటే మనసులో చదువుకునేది. కోపం కాదది. నాతో కబుర్లు చెప్పేది, జోకులకి నవ్వేది, జ్వరమొస్తే నా తల పట్టేది. చదవడం ఒక్కటే నా ముందు చెయ్యదు.

ఒకసారి అడిగేశాను. "ఓ పేజీ సదివి వినిపించమ్మా. నాకూ వినాలనుంటాది."

అది పుస్తకం నా చేతికిచ్చింది. "నువ్వే చదువు నాన్నా. నేను వింటాను."

చదివాను. చప్పుడు చప్పుడూ కూడబలుక్కుంటూ, చెయ్యి పైకి లేవకుండా పట్టుకుని. ఒక వరసకి రెండు తప్పులు, మూడు తప్పులు. నేను ఆగిన చోటల్లా అది మెల్లగా మాట అందించింది. ఆ తప్పులు నేను ఇంకొకడి నోట విని ఉంటే వాటిని వారం రోజులు క్యాంటీన్‌లో తిప్పేవాణ్ణి. పేజీ అయిపోయేదాకా అది నవ్వలేదు. నవ్వుతుందేమోనని మధ్యలో ఒకసారి కావాలనే తప్పు చదివాను. అప్పుడు కూడా సరైన మాట చెప్పి, తర్వాతి వరస మీద వేలు పెట్టింది.